'ముస్లింలు కూడా' ఖండించారు

నేను రాసిన వార్తలో నేను రాయని మాట ఒకటి అచ్చయింది.

ఇది 2008 నవంబరు చివరి ముచ్చట. ముంబైలో దాడులు మొదలై రెండు రోజులైంది. తాజ్ హోటల్లో కాల్పులు ఇంకా ఆగలేదు. ఆ రోజు శుక్రవారం. మా పట్టణంలో జుమ్మా నమాజు ముగిశాక జనం నల్ల గుడ్డలు కట్టుకొని మజీదు నుంచి బస్టాండు దాకా నడిచారు. దర్జీలున్నారు, పండ్ల బండ్లవాళ్ళున్నారు, ఆటో డ్రైవర్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు. నేనప్పుడు ఒక తెలుగు పత్రికకు రిపోర్టర్ని. 'ముంబై దాడులను ఖండిస్తూ ప్రదర్శన' అని శీర్షిక పెట్టి, ఫోటో జతచేసి పంపాను.

తెల్లారి పేపరు తెరిస్తే మొదటి వాక్యం మారిపోయి ఉంది. 'ముంబై దాడులను పట్టణంలోని ముస్లింలు కూడా ఖండించారు.' దాని పక్కనే ఇంకో వార్త ఉంది. అదే సాయంత్రం వ్యాపారులు చౌరస్తాలో కొవ్వొత్తులు వెలిగించిన వార్త. దాని శీర్షిక 'పట్టణ ప్రజల నివాళి'.

మా అబ్బా ఉర్దూ మీడియం బడిలో పంతులుగా పనిచేసి రిటైరైనాయన. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆ వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది. "యే 'కూడా' క్యా హై బేటా? భీ?" అని అడిగాడు. "హా అబ్బా, భీ" అన్నాను. "కిస్‌నే లగాయా?" అన్నాడు. ఎవరు తగిలించారు అని. నేను జవాబు చెప్పలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

డెస్కుకు ఫోన్ చేశాను. ఆ సబ్ ఎడిటర్ మంచివాడు. అభ్యుదయ భావాలున్నవాడు. రంజాన్‌లో మా ఇంటికొచ్చి హలీం తిన్నవాడు. "అన్నా, నీకు మంచే చేసిన గదనే! చదివినోళ్ళకు మీరు కూడా దేశం దిక్కే ఉన్నరని ఎరుకైతది" అన్నాడు. ఆ మాటలో ద్వేషం లేదు. ప్రేమే ఉంది. అందుకే అది ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి.

'కూడా' అనేది వ్యాకరణంలో చిన్న మాట. ఒక వరసలో లేనివాణ్ణి తెచ్చి చేర్చడానికి వాడతాం. చేర్చాలంటే ముందు వాడు బయట ఉండాలి. వ్యాపారులు కొవ్వొత్తి వెలిగిస్తే వాళ్ళను ఎవరూ చేర్చనక్కర లేదు. వాళ్ళు పుట్టుకతోనే 'ప్రజలు'. దర్జీ మస్తాన్, పండ్ల బండి గౌస్ వాళ్ళ వెనకాల అదే దుఃఖంతో నడిస్తే వాళ్ళు 'ప్రజలు' కారు. 'ముస్లింలు'. వాళ్ళ దుఃఖం దుఃఖం కాదు, వాంగ్మూలం. ఎవరో అడిగిన ప్రశ్నకు వాళ్ళు జవాబు చెప్పారన్నమాట. ఆ ప్రశ్న పేపర్లో అచ్చు కాదు. జవాబు మాత్రమే అచ్చవుతుంది.

దేశానికి ఆపద వచ్చినప్పుడు జనం ముందు 'ఎవరు చేశారు' అని అడుగుతారు. ఆ వెంటనే 'ఎవరివాళ్ళు చేశారు' అని అడుగుతారు. రెండో ప్రశ్న మొదటిదాన్ని మింగేస్తుంది. ఇది ఒక్క ముస్లింలకే జరిగిందని నేను చెప్పను. 1948 జనవరి 30 సాయంత్రం గాంధీజీని చంపినప్పుడు, చంపినవాడు హిందువని రేడియోలో చెప్పవలసి వచ్చింది. చెప్పకపోతే ఆ రాత్రి ముస్లింలు ఎంతమంది చచ్చిపోతారోనని పాలకులు భయపడ్డారు. గాడ్సే పేరు బయటికొచ్చాక మహారాష్ట్రలో బ్రాహ్మణుల ఇళ్ళ మీద పడ్డారు. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీని ఇద్దరు అంగరక్షకులు కాల్చారు. దానికి ఢిల్లీలో సిక్కులు చచ్చారు. అధికార లెక్క ప్రకారమే 2,733 మంది. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య శ్రీపెరుంబుదూరులో జరిగింది. చంపిందెవరో తెలియకముందే మన రాష్ట్రంలో తెలుగుదేశం ఆఫీసుల మీద, ఆ పార్టీవాళ్ళ ఆస్తుల మీద దాడులు జరిగాయి. గుంపుకు నేరస్థుడు దొరకనక్కర లేదు. దగ్గర్లో ఒక గురుతు దొరికితే చాలు.

తేడా ఒక్కటే. తెలుగుదేశం వాళ్ళ మీద పడిన అనుమానం వారం రోజుల్లో పోయింది. సిక్కుల గాయం మానలేదు గాని, ప్రతి దుర్ఘటన తర్వాతా వాళ్ళను నిలబెట్టి 'మీరేమంటారు' అని అడగడం లేదు. మా మీద అనుమానం మాత్రం పర్మినెంటు ఉద్యోగి. రిటైర్మెంటు లేదు. క్రికెట్ మ్యాచికి హాజరు, యుద్ధానికి హాజరు, బాంబుకు హాజరు, జబ్బుకు హాజరు.

ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసి ఈ అనుమానం గుట్టు తెలుగులో మొదట రట్టు చేశాడు. ఆ దీర్ఘకవిత రాకముందు తెలుగు సాహిత్యంలో ముస్లిం అంటే అత్తరు సాయిబు, అమాయకుడు, లేకపోతే నవాబు. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చేసరికి అది ఒక గుంపు గొంతయింది. ఆ కవిత్వానికి నా తరం రుణపడి ఉంది. కాని విమర్శ రాయడానికి కూర్చున్నాను గనక మనవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఆ తర్వాత మేం రాసినదాంట్లో చాలా భాగం నిందవేసినవాడి వైపు తిరిగి రాసిందే. 'నన్నెందుకు అనుమానిస్తావు? నేనీ మట్టివాణ్ణే, నా తాతల గోరీలు ఇక్కడే' అని. ఆ మాట నిజం. దాని వెనక ఉన్న బాధ నిజం. కాని ప్రతి కవితా అదే వాదన చేస్తే, మనం ఎవరి ప్రశ్నకు జీవితాంతం జవాబు రాస్తున్నట్టు? ప్రశ్నాపత్రం వాడిది. పరీక్ష హాలు వాడిది. మనం బాగా రాశామా లేదా అన్నదే మన సాహిత్యమైపోతుంది.

యుద్ధం వస్తే ఇదే వేరే రూపంలో కనిపిస్తుంది. 1948 జులైలో కశ్మీర్‌లో నేలకొరిగిన బ్రిగేడియర్ ఉస్మాన్. 1965లో ఖేంకరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్. 1999 కార్గిల్ యుద్ధంలో తుర్తుక్ దగ్గర చనిపోయిన కెప్టెన్ హనీఫుద్దీన్. ప్రతి సభలోనూ ఈ పేర్లు జాబితాలా చదువుతాం. మా వక్తలు చదువుతారు, మా తరఫున మాట్లాడే లౌకిక మిత్రులు ఇంకా గట్టిగా చదువుతారు. ఆ ముగ్గురూ మహా వీరులు. అందులో సందేహం లేదు. కాని వాళ్ళు సైనికులుగా చచ్చారు. మేం వాళ్ళను సాక్షులుగా బతికిస్తున్నాం. మిగతా సైనికుల కుటుంబాలకు దక్కే గౌరవంలో కులం, మతం లెక్కపెట్టరు. మా సైనికుడి శవపేటిక మీద మాత్రం మొత్తం జాతి క్యారెక్టర్ సర్టిఫికెట్ అంటిస్తారు.

ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా అంటే అదీ లేదు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ వివరాలు దేశానికి చెప్పినవాళ్ళలో కల్నల్ సోఫియా ఖురేషీ ఒకరు. సైనికాధికారిగా తన డ్యూటీ తాను చేసింది. వారం తిరక్కముందే మధ్యప్రదేశ్ మంత్రి ఒకాయన ఆమెను ఉగ్రవాదుల సోదరి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. హైకోర్టు తనంతట తాను కలగజేసుకొని కేసు పెట్టమని ఆదేశించవలసి వచ్చింది. యూనిఫారం వేసుకున్న కల్నల్‌కే చెల్లని సర్టిఫికెట్టు దర్జీ మస్తాన్‌కు చెల్లుతుందా?

ఇక చనిపోయినవాళ్ళు మావాళ్ళే అయినప్పుడు ఏం జరుగుతుందో హైదరాబాదుకు తెలుసు. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో 5 గురు. ఆ రోజు ప్రార్థనకు పోయినవాళ్ళు, దేశం మీద జరిగిన దాడిలో చనిపోయిన భారత పౌరులు. ఆ మాట ఎంతమంది రాశారు? రెండు భాషల పత్రికలూ చదివే నాకు ఆ వారమంతా రెండు ఊళ్ళలో బతుకుతున్నట్టుండేది. ఉర్దూ పేపర్లలో చనిపోయినవారి ఇళ్ళు, పెళ్ళికెదిగిన బిడ్డలు, కట్టని కిరాయిలు. తెలుగు పేపర్లలో 'విశ్వసనీయ వర్గాల' కథనాలు, సరిహద్దు అవతల సూత్రధారులు, పాతబస్తీలో స్లీపర్ సెల్స్. చచ్చింది మేమే, అనుమానితులం మేమే. మా దుఃఖానికి 'కూడా' అన్న మాట అయినా దక్కలేదు.

పేలుడు తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని పట్టుకుపోయారు. కొందరి మీద కుట్ర కేసులు పెట్టారు. కోర్టులు వదిలేశాయి. 2011లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకు నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు తర్వాత ఇంకో దిక్కు తిరిగి స్వామి అసీమానంద వగైరాల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న వాళ్ళందరినీ ప్రత్యేక కోర్టు నిర్దోషులంది. అంటే వజూ చేసే హౌజు దగ్గర పేలిన ఆ బాంబు ఎవరు పెట్టారో అన్నదానికి ఆ తీర్పుతో జవాబు లేకుండా పోయింది. జవాబు లేదని దేశం నిద్ర మానుకుందా? ఏ చౌరస్తాలో కొవ్వొత్తులు వెలిగాయి? జాతీయ విషాదం అనే మాటకు ఎవరి శవం అర్హమో ముందే తేలిపోయి ఉంటుంది.

ఇంతవరకు ఎదుటివాళ్ళ సంగతి. ఇక మాది.

మక్కా మసీదు తర్వాత మూడు నెలలకు, ఆగస్టు 25న, అదే హైదరాబాదులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. మా పెద్దలు ప్రకటనలిచ్చారు. షేర్వానీలు వేసుకొని కెమెరాల ముందు కూర్చుని, ఇస్లాం అంటే శాంతి అని చెప్పారు. నేనా ప్రెస్‌మీట్‌కి పోయాను. అరగంటలో ఒక్కసారన్నా చాట్ తినడానికి పోయి చచ్చిపోయిన పిల్లల ప్రస్తావన రాలేదు. మాట్లాడిందంతా మా మీద పడబోయే నింద గురించే. నాకు సిగ్గేసింది. బోస్నియా కోసం, పాలస్తీనా కోసం కన్నీళ్ళతో దువా చేసిన మా మజీదుల్లో, మూడు మైళ్ళ దూరంలో పోయిన ప్రాణాల కోసం ఎన్నిసార్లు చేతులెత్తాం? 'ఉమ్మత్' అన్న మాట ఎంత దూరమైనా పోతుంది, పక్క గల్లీకి మాత్రం పోదా?

'కూడా' అన్న మాటలో మా నాయకులకు లాభముంది. దేశానికి ఆపద వచ్చిన ప్రతిసారీ ఖండన సప్లై చేసే కాంట్రాక్టు వాళ్ళది. ప్రభుత్వం వాళ్ళనే పిలుస్తుంది, టీవీ వాళ్ళనే పిలుస్తుంది. గౌస్‌ను ఎవరూ పిలవరు. గౌస్ తరఫున మాట్లాడే హక్కు వాళ్ళకు గౌస్ ఇవ్వలేదు. అనుమానించినవాడే ఇచ్చాడు.

అయితే ఖండించడమే తప్పా? కాదు. మా దీన్ పేరు చెప్పి అమాయకుల్ని చంపేవాడితో వాదించవలసింది ముందు మేమే. వాడు ఎత్తుకుపోయింది మా మాటల్ని. జిహాద్, షహాదత్ అనే మాటలకు మా ఇళ్ళలో, మా మదరసాల్లో వేరే అర్థముంది. ఆ అర్థం కాపాడుకోవడం మా పని. అది ఉర్దూలో, జుమ్మా ఖుత్బాలో, మా పిల్లల ముందు జరగాలి. ఎవరూ చూడకపోయినా జరగాలి. ముంబై దాడుల తర్వాత చచ్చిన తొమ్మిది మంది హంతకుల శవాల్ని ఆ నగరంలోని బడా ఖబరస్తాన్ పెద్దలు తీసుకోలేదు. అమాయకుల్ని చంపినవాళ్ళకు మా మట్టిలో చోటు లేదన్నారు. ఆ డిసెంబరులో వచ్చిన బక్రీదుకు చాలామంది నల్ల రిబ్బన్లు కట్టుకున్నారు. ఆ శవాలు ఏడాదికి పైగా ఆసుపత్రి మార్చురీలోనే ఉన్నాయి. 2010లోగాని ప్రభుత్వం వాటిని రహస్యంగా పూడ్చిపెట్టలేదు. శవానికి మట్టి ఇవ్వడం మాకు ఫర్జ్. ఆ ఫర్జ్‌నే పక్కన పెట్టారంటే ఆ తీర్పు ఎంత కఠినమైనదో ఆలోచించండి. వాళ్ళ ఊరివాళ్ళే చచ్చారు, చచ్చినవాళ్ళలో పదుల సంఖ్యలో ముస్లింలున్నారు. అది బాధితుల తీర్పు. మరునాడు దేశమంతా దాన్ని ఎలా మెచ్చుకుంది? 'ముస్లింలు దేశభక్తి చాటుకున్నారు' అని. బాధితుల కోపాన్ని నిందితుల సంజాయిషీగా మార్చేశారు.

ఈ 'కూడా' వల్ల అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటో నాకు 2020లో అర్థమైంది. మార్చి నెలలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగ్ జమాత్ సమావేశానికి వెళ్ళొచ్చినవాళ్ళకు కరోనా సోకింది. తెలంగాణలో ఆరుగురు చనిపోయారని మార్చి 30న ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో అంత జనాన్ని ఒకచోట చేర్చడం పెద్ద తప్పని నేను అనుకున్నాను. మా అమ్మీ అనుకుంది. మా గల్లీలో సగం మంది అనుకున్నారు. ఆ మాట రాద్దామని కూర్చున్నాను. అప్పటికే టీవీల్లో 'కరోనా జిహాద్' మొదలైంది. కేంద్ర ఆరోగ్యశాఖ రోజువారీ లెక్కల్లో మర్కజ్ కేసులు విడిగా చెబుతోంది. ఏప్రిల్ 18న దేశంలో 14,378 కేసులుంటే 4,291 వాళ్ళవేనని చెప్పింది. మా బజారుకు పండ్ల బండి రానివ్వలేదు. గౌస్ పేరు అడిగి వెనక్కి పంపారు. అప్పుడు నేను రాయబోయిన విమర్శ ఎవరి చేతిలో రాయవుతుందో తెలిసి కాగితం చింపేశాను. మర్కజ్ పెద్దల్ని అడగవలసిన ప్రశ్న ఒక ముస్లింగా నేను అడగలేకపోయాను. వాళ్ళ తప్పు ఈ గోలలో కొట్టుకుపోయింది.

2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళను బలిపశువుల్ని చేశారని వ్యాఖ్యానించింది. మర్కజ్‌కు వచ్చినవాళ్ళకు ఆశ్రయమిచ్చారన్న నేరం మీద 70 మంది భారతీయులు మోసిన కేసుల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టేసింది. ఐదేళ్ళు! 2021 ఏప్రిల్‌లో రెండో అల మధ్య హరిద్వార్‌లో కుంభమేళా జరిగింది. అక్కడ స్నానం చేసిన భక్తుల తరఫున మా పక్కింటి రామచంద్రయ్య బాబాయిని ఎవరూ సంజాయిషీ అడగలేదు. అడగకూడదు. నేను కోరేది అదే. ఆయనకున్న ఆ తీరుబాటు మాకూ ఉండాలి.

విడిగా నిలబెట్టి ఖండించమంటే మనిషి రెండు విధాలుగా మూగవాడవుతాడు. మనవాళ్ళ తప్పు అడగలేడు, అడిగితే శత్రువు చేతికి చిక్కుతుంది. ప్రభుత్వం తప్పు అడగలేడు, అడిగితే ద్రోహి అవుతాడు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపారు. వాళ్ళలో మన విశాఖ మనిషి ఉన్నాడు, నెల్లూరు జిల్లా మనిషి ఉన్నాడు. పర్యాటకుల్ని గుర్రం మీద తిప్పే ఒక కశ్మీరీ ముస్లిం యువకుడు అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మరునాడు కశ్మీరు బంద్ పాటించింది. అక్కడి పత్రికలు మొదటి పేజీని నల్లగా అచ్చేశాయి. అంతమంది తిరిగే చోట కాపలా ఎందుకు లేదని దేశంలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నోటిదాకా వచ్చినా మింగేసిన ముస్లింలు ఎంతమందో నాకు తెలుసు. వాళ్ళలో నేనొకణ్ణి. పెళ్ళైన వారానికే భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, ముస్లింల మీద, కశ్మీరీల మీద పడొద్దని వేడుకుంది. ఆమెనే బండబూతులు తిట్టారు. మే నెలలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద పడి బోర్డు పగలగొట్టారు. ఆ బేకరీ పెట్టింది దేశ విభజనప్పుడు కట్టుబట్టలతో వచ్చిన సింధీ హిందువు. పేరు చూసి తీర్పు చెప్పేవాడి కర్ర చివరికి ఎవరి మీదనైనా పడుతుంది. లౌకిక మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. మాకు సర్టిఫికెట్టు రాసిపెట్టడం కాదు మీ పని, సర్టిఫికెట్టు అడిగేవాణ్ణి నువ్వెవరని నిలదీయడం.

అబ్బా పోయి నాలుగేళ్ళయింది. నేనిప్పుడు డెస్కులో కూర్చుంటున్నాను. పహల్గామ్ మరుసటి శుక్రవారం మండలాల నుంచి వార్తలు వరసగా వచ్చాయి. మజీదుల ముందు నల్ల రిబ్బన్లు, మౌనం. ఒక కుర్ర రిపోర్టరు, మావాడే, తన వార్తలో తానే రాసి పంపాడు, 'ముస్లింలు కూడా ఖండించారు' అని. ఇప్పుడు ఆ మాట ఎవరూ తగిలించనక్కర లేదు. మా పిల్లలే తగిలించుకుంటున్నారు.

వాడికి ఫోన్ చేసి, ప్రదర్శనలో ఎవరెవరున్నారు అని అడిగాను. "అందరున్నరు సార్. ఆటోలోళ్ళు, మెకానిక్‌లు, మన స్కూల్ పంతుళ్ళు" అన్నాడు. "అదే రాయి బేటా" అన్నాను. "సార్, మరి ముస్లింలని తెల్వాలె గదా?" అన్నాడు. "ఎందుకు తెల్వాలె?" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

వాక్యం నేనే దిద్ది ప్రింటుకు పంపాను. శీర్షిక 'పట్టణ ప్రజల నివాళి'.